రెండు లైన్ల భరోసా

తొమ్మిదీ నలభై రెండు. ఇంకా లాఫ్టన్ పొలిమేర కూడా దాటలేదు. ముందు దుంగల లారీ, దాని వెనక నేను, నా పక్క సీట్లో వెండెల్ హాపలా, ఆయన కాళ్ళ మధ్య ఆక్సిజన్ సిలిండరు. అది బుస్సు బుస్సుమంటూ నిమిషానికి ఎన్నిసార్లు అంటోందో లెక్కపెట్టకూడదనుకుంటూనే లెక్కపెడుతున్నాను. అరవై రెండు మైళ్ళు. పదకొండింటికి డులూత్‌లో విచారణ. పదకొండుంబావు దాకా చూస్తారు, ఆ తర్వాత మనిషి హాజరు కాలేదని రాసి ఫైలు మూసేస్తారు. ఇరవై ఆరు నెలలు ఎదురుచూసిన తారీకు ఇది. మళ్ళీ ఇంకో తారీకు కోసం అన్ని నెలలూ ఆగేంత ఊపిరి ఈయన దగ్గర లేదు, ఆ మాట డాక్టరు చెప్పనక్కర్లేదు, పక్కన కూచున్న ఎవరికైనా వినపడుతుంది. అసలీ మనిషి ఈ బండిలో ఉండకూడదు. వెచ్చగా మా ఆఫీసు చిన్న గదిలో, కంప్యూటరు తెర ముందు, చేతిలో కాఫీ కప్పుతో కూచుని ఉండాలి. పోయిన నెల ఫోను చేసి, నోరీన్ కారులో ముందు రోజే డులూత్ వెళ్ళిపోతానమ్మా, హోటల్లో పడుకుంటాను అని ఆయనంతట ఆయనే అన్నాడు. నోరీన్ అంటే మా లాయరు. ఎందుకండీ శ్రమ, మన దగ్గర రెండు ఇంటర్నెట్టు లైన్లున్నాయి, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది, హాయిగా ఇక్కడినుంచే మాట్లాడండి అన్నది ఎవరు? నేను. మార్లిస్ ఎంగెన్. పేదల తరఫున వాదించే లాయర్ల ఆఫీసులో కంప్యూటర్లూ, ప్రింటర్లూ, మంచు కాలంలో గడ్డకట్టే సింకు గొట్టమూ చూసుకునే దాన్ని. అన్నప్పుడు ఎంత ధీమాగా అన్నానో తలుచుకుంటే నా నోటిమీద నేనే కొట్టుకోవాలనిపిస్తోంది.

పొద్దున ఎనిమిదీ యాభైకి నీలం వాళ్ళ పెట్టె మీద లైటు ఎర్రబడింది. నీలం వాళ్ళు మాకు మొదటి లైను ఇచ్చిన కంపెనీ, వాళ్ళ వ్యాన్లు నీలంగా ఉంటాయి కాబట్టి ఊళ్ళో అందరూ అలాగే అంటారు. ఎర్రబడితే ఎర్రబడనీ, అందుకేగా ఇంకోటి పెట్టుకున్నది అనుకుని కాఫీ కూడా కిందపెట్టలేదు. ఎందుకంటే నా తెలివి అంతా పెట్టి కట్టిన ఏర్పాటు అది. నీలం పడిపోతే మూడు సెకన్లలో రెండో కంపెనీ, ఆకుపచ్చ వాళ్ళ మీదికి మారిపోతుంది, ఎవరి వాక్యమూ మధ్యలో తెగదు. ఒకటి, రెండు, మూడు. ఆకుపచ్చదీ ఎరుపే. కప్పు కిందపెట్టాను. రెండూ ఆపి, మళ్ళీ వేశాను. తీగలు పీకి గుచ్చాను. పెట్టెను బతిమాలాను, నిజంగానే పైకి బతిమాలాను, పక్క గదిలోంచి గుమాస్తా ఆర్లిన్ 'ఎవరితో మాట్లాడుతున్నావ్?' అని అడిగింది. ఆఫీసు ఫోన్లు ఇంటర్నెట్టు మీదే నడుస్తాయి కాబట్టి అవీ చచ్చాయి. నా సెల్లు తీస్తే సిగ్నల్ సున్నా. ఊళ్ళో టవరుకు కూడా నీలం వాళ్ళ తీగే ఆధారమని నాకు తెలియకపోలేదు, ఎప్పుడూ ఆలోచించలేదు, అంతే. ఎదురుగా పెట్రోలు బంకులో కార్డులు పనిచెయ్యక జనం బయట నిలబడి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటున్నారు. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఏమిటో ఆ పెట్టెల ముందు నిలబడి నేర్చుకున్నాను. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని ఈయన వచ్చాడు, ఇస్త్రీ చొక్కా, పెళ్ళిళ్ళకు కట్టే టై, గంటన్నర ముందు. తెర ముందు కూచోవడానికి టై కట్టుకున్న మనిషిని చూస్తే నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి టైము లేక తాళాలు తీసుకున్నాను.

లారీ కదలదు. దీని వెనక రాసి ఉన్న ఫోను నంబరు చూడండి, నా డ్రైవింగ్ ఎలా ఉంది, ఫోను చేసి చెప్పండి అట. ఫోనే ఉంటే నీకెందుకు చేస్తాను నాయనా, డులూత్‌లో తలుపు దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్న నోరీన్‌కి చేస్తాను. నోరీన్‌కి ఏం తెలుస్తుంది? తెర మీద వెండెల్ మొహం రాదు. ఫోను చేస్తుంది, మోగదు. మార్లిస్ ఉందిలే, రెండు లైన్లున్నాయిలే అనుకుంటుంది. అదే నన్ను చంపేస్తోంది, ఆవిడ ఇంకా నన్ను నమ్ముతూ నిలబడి ఉంటుంది. రెండో లైనుకు ఒప్పించడానికి రెండేళ్ళు ఆవిడ చెవినిల్లు కట్టుకుని పోరాను. ప్రతి నెలా మొదటి సోమవారం అందరినీ పెట్టెల గదిలోకి పిలిచి ప్రదర్శన కూడా ఇచ్చేదాన్ని. గుమ్మడికాయ కేకు బార్లు వండి తెచ్చేదాన్ని దానికోసం. ఇదిగో నీలం పీకుతున్నా, చూశారా, ఏమైనా ఆగిందా? ఇదిగో ఆకుపచ్చది పీకుతున్నా. ఆర్లిన్ నోట్లో బారు పెట్టుకుని చప్పట్లు కొట్టేది. నా గదిలో నా చేతికి అందే రెండు జానల తీగ పీకి చూసి, అరవై రెండు మైళ్ళ సంగతి తేల్చేశాననుకున్నాను. ఛీ, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

"ఏంటమ్మాయ్, ఆ స్టీరింగు పీక పిసికేస్తున్నావ్?" అన్నాడు వెండెల్.

"ఏం లేదండీ."

"లారీవాడు కావాలని చేస్తున్నాడా? పైన చూడు, మంచుజల్లు పడుతోంది. వాడి వెనకే పో, రోడ్డు వాడికి తెలుసు."

ఈయన ఇంత ప్రశాంతంగా ఉంటే నాకు ఇంకా మండుతోంది. నన్ను నాలుగు తిట్టొచ్చుగా. ఎడమ పక్క సరస్సు బూడిద రంగులో, కుడి పక్క రైలు కట్ట, రాతి కొండ. నవంబరు రెండో వారం. నేల గడ్డకట్టకముందే ఈ తీరం మీద ఉన్నవాళ్ళందరికీ తవ్వుడు పిచ్చి పట్టుకుంటుంది, మురుగు తూములు, కరెంటు స్తంభాలు, చివరికి చచ్చిన కుక్కను పాతాలన్నా ఈ వారంలోనే. ఇంకో పది రోజులైతే గునపం కూడా దిగదు కదా. ఎవడో తవ్వుంటాడు, ఎక్కడో తెగి ఉంటుంది. ఒకటి తెగిందంటే నమ్ముతాను. రెండు ఎలా తెగుతాయి? నీలం వాళ్ళది రైలు కట్ట పక్కన, ఆకుపచ్చ వాళ్ళది వేరే దారి. అలా అని ట్రెంట్ నా కళ్ళలోకి చూసి చెప్పాడు. ట్రెంట్ అంటే ఆకుపచ్చ వాళ్ళ తరఫున లైను అమ్మడానికి వచ్చినవాడు, పళ్ళు తెల్లగా మెరుస్తుంటాయి. మీ తీగ ఏ దారిన వస్తుందో పటం చూపించండి అన్నాను, అది బయటికి ఇవ్వకూడదండీ, భద్రత దృష్ట్యా, అన్నాడు. భద్రత అనేసరికి నేను తల ఊపాను. ఆ మాటకు తల ఊపని వాళ్ళెవరు? వేరే కంపెనీ, వేరే బిల్లు, వేరే పెట్టె, గోడలోంచి వేరే చిల్లు. ఇంకేం కావాలి అనుకున్నాను.

"రెండు లైన్లన్నావ్ కదా, రెండూ ఒకేసారి ఎట్లా చచ్చాయ్?" ఆయనే అడిగాడు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు.

"అదే నాకూ అర్థం కావట్లేదండీ."

"గొట్టం ఒకటేగా."

"ఏ గొట్టం?"

"పైకి వెళ్ళే గొట్టం. రైలు కట్ట పక్కన. నారింజ రంగుది. అది ఒకటే." ఊపిరి తీసుకున్నాడు, సిలిండరు బుస్సుమంది. "రెండు వేద్దామన్నాం మేము. రాయి గట్టిది, రెండింటికి పట్టేంత వెడల్పు కోయడం దండగ, ఒకటి చాల్లే అన్నారు."

"అది మీ కాలం మాటండీ. ఇప్పుడు వేరే దారి ఉంది. నా దగ్గర కాగితాలున్నాయి."

"ఓహో, కాగితాలున్నాయా. అయితే సరే." ఆయన నవ్వాడో దగ్గాడో తెలియలేదు. కాగితాలున్నాయని ఎంత పెద్దరికంగా అన్నాను! డెబ్బై ఒక్కేళ్ళ మనిషికి ఈ తీరం గురించి నేను పాఠం చెప్తున్నాను. నన్నిక్కడే దింపేసి ఆయనే నడుపుకుంటూ పోతే బాగుండు. కానీ నిజంగానే నమ్మలేదు, అది కూడా చెప్పాలి. మనం రెండేళ్ళు పోరి తెచ్చుకున్న దాన్ని ఒక ముసలాయన ఒక్క మాటతో ఒకటి చేసేస్తే ఎలా నమ్ముతాం? ఆయన మాత్రం వదల్లేదు, ఆగి ఆగి, రెండేసి మాటలు చెప్పి ఊపిరి తీసుకుని చెప్తూ వచ్చాడు. సిల్వర్ మలుపు దగ్గర రాయి మరీ మొండిదట, రంపం చక్రాలు రోజుకు నాలుగు అరిగేవట. నీళ్ళు పోస్తూ కొయ్యాలి, నీళ్ళ ట్యాంకరు వారానికోసారి వచ్చేది, మిగతా రోజులు పొడిగానే. మొహానికి చేతిరుమాలు. సాయంత్రానికి అందరూ పిండిమరలో పనిచేసినట్టు తెల్లగా. గొట్టం కింద పరవడానికి ఇసుక అయిపోతే, లాఫ్టన్ ఫైర్ స్టేషన్ వాళ్ళు పారేసిన పాత కాన్వాసు పైపులు తెచ్చి ముక్కలు కోసి పరిచారట. "ఎర్ర చారవి. పై అధికారికి తెలీదు. మేం అయిదుగురం. ఇప్పుడు నేనొక్కణ్ణే."

సిల్వర్ మలుపు తిరిగామో లేదో, ఎదురుగా నారింజ శంకువుల వరస. ఒక దారి మూసేశారు. ఎర్ర కోటు వేసుకున్న మనిషి 'ఆగు' బోర్డుతో ముందు లారీని ఆపి, మా దాకా వచ్చి నిలబడింది. పదీ పన్నెండు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, అది కూడా పెద్ద గెల. కిటికీ దించాను. "అమ్మా, ఈయనకు పదకొండింటికి డులూత్‌లో విచారణ ఉంది, ఒక్క బండిని వదలండి," అన్నాను.

"అవతలినుంచి బళ్ళొస్తున్నాయ్. ఎనిమిది నిమిషాలు పడుతుంది."

"ఎనిమిది నిమిషాలా! ఆక్సిజన్ మీద ఉన్నాడమ్మా ఈయన."

ఆవిడ వంగి లోపలికి చూసింది. "నమస్తే వెండెల్ గారూ, ఎట్లా ఉన్నారు?" అంది. "ఎదురుగా గడ్డి లారీ వస్తోంది మేడమ్, వదిలితే మీ ఇద్దర్నీ కొండమీంచి ఏరుకోవాలి. కాస్త ఓపిక పట్టండి." ఓపికట! నాలో ఓపిక అనేది ఎనిమిదీ యాభైకే అయిపోయింది. బండి దిగి తలుపు ధడేలున వేశాను. కొండవాలులో గొయ్యి, పక్కన తవ్వే యంత్రం తొండం ఎత్తుకుని తప్పు చేసిన పశువులా నిలబడి ఉంది. తూము మార్చబోయి తీగ లాగేశారు. గొయ్యి మీద చిన్న గుడారం, లోపల హీటరు, ఇద్దరు మనుషులు మోకాళ్ళ మీద కూచుని జుట్టంత సన్నటి గాజు పోగులు అతుకుతున్నారు. ఒకడి కోటు నీలం. ఒకడి కోటు ఆకుపచ్చ. ఇద్దరూ ఒకే ఫ్లాస్కులోంచి కాఫీ తాగుతున్నారు. నా బుర్రలో ఏదో టక్కున ఆగిపోయింది.

"మీరిద్దరూ ఇక్కడేంటి?" అన్నాను.

ఆకుపచ్చ కోటు తలెత్తాడు. "లైను తెగిందండీ. గంటన్నర పడుతుంది."

"ఎవరి లైను?"

"అందరిదీనండీ. ఉన్నదొకటే కదా."

"మీ కంపెనీకి వేరే దారి ఉందన్నారు!"

"మాకు దారెక్కడిదండీ, వీళ్ళ దగ్గరే కొన్ని పోగులు అద్దెకు తీసుకుంటాం. మా పెట్టె వేరు, మా బిల్లు వేరు, అంతే." నీలం కోటువాడు పైకి చూడకుండానే కిసుక్కున నవ్వాడు. "మీకు ట్రెంట్ అమ్మాడా?" అన్నాడు. గోతిలోకి చూశాను. నారింజ గొట్టం, ఒక్కటి, చీలిపోయి. దానికి అటూ ఇటూ రాయి, కేకు కోసినంత నున్నగా, రంపపు గీతలతో. గొట్టం కింద నానిపోయి నల్లబడ్డ కాన్వాసు గుడ్డ, దాని మీద ఎర్ర చార. అది చూసి కూడా నాకు వెండెల్ తట్టలేదు, ఒట్టు, ట్రెంటే తట్టాడు. ఆ తెల్లపళ్ళ మొహాన కొట్టడానికని సెల్లు తీసి నాలుగు ఫోటోలు తీశాను, దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, ఇద్దరి కోట్లతో కలిపి ఒకటి. సిగ్నల్ లేకపోయినా ఫోటోలు తీస్తుంది కదా, దాని జన్మకు అదొక్కటైనా మిగిలింది.

మళ్ళీ బండి ఎక్కేసరికి పదీ ఇరవై ఒకటి. దారి వదిలారు. నా చెవులు వేడెక్కి మండుతున్నాయి. సోమవారాలు, బార్లు, చప్పట్లు, నోరీన్ సంతకం పెడుతూ 'ఇక నిశ్చింతగా ఉండొచ్చా మార్లిస్?' అని అడగడం, అన్నీ ఒకదాని మీద ఒకటి. ఊళ్ళో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్ళు. బేకరీలో అడిగినా, చర్చి వంటగదిలో సూపు వడ్డించే వాళ్ళను అడిగినా, తవ్వినవాళ్ళెవరో చెప్పేవాళ్ళు. నేను కంపెనీనడిగాను. తవ్వినవాణ్ణి అడగలేదు. తవ్వినవాడు వారానికోసారి మా ఆఫీసుకొచ్చి నా బల్ల ముందే కూచునేవాడు.

"ఉందా?" అన్నాడు వెండెల్.

"ఉంది. ఒకటే. మీరు చెప్పిన ఎర్ర చార కూడా ఉంది." మింగుడు పడలేదు గానీ అనేశాను. "నాదే తప్పండీ. మీరు చెప్తుంటే వినలేదు. మరి పోయిన నెల నేను రెండు లైన్లు అన్నప్పుడే చెప్పొచ్చుగా?"

"కొత్తది వేశారేమో అనుకున్నా. ఎవరో కుర్రాళ్ళు, నీళ్ళు పోస్తూ, మాస్కులు పెట్టుకుని. మంచిదే అనుకున్నా." కిటికీలోంచి బయటికి చూశాడు. "ఆ కంపెనీవాళ్ళే నేను పనే చెయ్యలేదంటున్నారు."

"ఏ కంపెనీ?"

"అప్పట్లో ఆ కందకం తవ్వించిన కంపెనీ. దినకూలి కింద తీసుకున్నారు, పేరు పుస్తకంలో లేదట. నాతో చేసిన నలుగురూ పోయారు. నోరీన్ అంటుంది, అక్కడ ఉన్నట్టు ఏదో ఒకటి చూపించాలి అని. ఏం చూపిస్తాను, ఊపిరితిత్తులు చూపించాను, రాతిదుమ్ము ఎక్కడైనా ఉంటుందన్నారు."

బండి కాస్త మంచు మీద జారింది. నిలబెట్టుకున్నాను. ఫైళ్ళు నేను చదవను, నాకు చదివే హక్కు లేదు. పాత కంపెనీ మీద నష్టపరిహారం దావా, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము, ఇంతవరకే తెలుసు. ఇరవై ఆరు నెలలు ఈ మనిషి వెతుకుతున్నది రైలు కట్ట కింద పడి ఉంది, పొద్దున ఎవడో తొందరపడి తవ్వి పైకి తీశాడు, దాని బొమ్మ నా కోటు జేబులో ఉంది. గొయ్యి దగ్గరికి వెళ్ళకముందే, ఇంకా పది మైళ్ళుండగానే, ఈయన నాకు చెప్పాడు. ఆయన ముందే చెప్పాడనడానికీ, నేను నమ్మలేదనడానికీ నేనే సాక్షిని. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. "వెండెల్ గారూ, గట్టిగా పట్టుకోండి," అన్నాను. దుంగల లారీని దాటేశాను. తప్పే. దాటేశాను.

పదకొండూ పదికి మెట్ల దగ్గర నోరీన్. కోటు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికొచ్చి నిలబడింది. "మార్లిస్! రెండూ పోయాయా? రెండూనా?" అంది. "ఉన్నదే ఒకటి నోరీన్, తర్వాత తిట్టు, ముందిది చూడు," అని సెల్లు ఆమె చేతిలో పెట్టాను. లిఫ్టులో రెండు వాక్యాల్లో చెప్పాను. ఆమె మొహం మారింది. గదిలోకి వెళ్ళి చూస్తే జడ్జి లేదు. గోడమీద తెర ఉంది, ఆవిడ సెయింట్ పాల్ నగరంలో కూచుని ఉంది. అంటే నేను ఇంత మంచులో అరవై రెండు మైళ్ళు తోలుకొచ్చింది ఈయన్ని ఇంకో తెర ముందు కూచోబెట్టడానికి! పళ్ళు కొరుక్కున్నాను. పదకొండూ పద్నాలుగు అని అక్కడి గుమాస్తా రాసుకుంది. నోరీన్ నన్ను సాక్షిగా పిలుస్తానంది. కంపెనీ లాయరు అభ్యంతరం చెప్పాడు, జడ్జి వింటానంది, ఆవిడ ముందు నేను చెయ్యెత్తి ప్రమాణం చేశాను. ఏం చూశానో చెప్పాను. చూడకముందు ఏం విన్నానో చెప్పాను. ఫోటోలు చూపించాను.

కంపెనీ లాయరు మెత్తగా మాట్లాడే మనిషి. ఫైలులోంచి ఒక కాగితం తీశాడు. వెండెల్ తెరమీద హాజరవుతాడని మా ఆఫీసు నుంచి పంపిన ఉత్తరం, దాని సంగతే మరిచిపోయాను. "ఇది మీ సంతకమేనా? 'మా కార్యాలయానికి రెండు వేర్వేరు మార్గాల్లో ఇంటర్నెట్ ఉంది, ఈ విషయం నేను స్వయంగా నిర్ధారించుకున్నాను.' ఇప్పుడు ప్రమాణం చేసి, ఒకటే ఉందంటున్నారు. మీరు స్వయంగా నిర్ధారించుకున్నవాటిలో మేము దేన్ని నమ్మాలి?"

గదిలో అందరూ నావైపే చూశారు, తెరలో ఆవిడ కూడా. నా ఉద్యోగం, నా సోమవారాలు, ఊళ్ళో నాకున్న కాస్త పేరు, అన్నీ ఆ కాగితం మీద ఉన్నాయి. వాటి పక్కన ఆ బుస్సు బుస్సు. నాకు కోపం కూడా రాలేదు, పొద్దున్నించి మొదటిసారి.

"ఆ ఉత్తరం తప్పు," అన్నాను. "నేను నిర్ధారించుకోలేదు. అమ్మినవాడు చెప్పింది రాసి సంతకం పెట్టాను. నేలకింద ఏముందో నాకు తెలీదు. ఆయనకు తెలుసు. మలుపుతో సహా, రంగుతో సహా, కింద ఏం పరిచారో దాంతో సహా, కనబడకముందే చెప్పాడు. నేను నమ్మలేదు. వెళ్ళి చూస్తే ఉంది."

కంపెనీ లాయరు కాగితం మడిచి పెట్టుకుని కూచున్నాడు. తెరలో జడ్జి కళ్ళజోడు తీసింది. "హాపలా గారూ," అంది, "ఆ కందకంలో మీ మొదటి రోజు నుంచి చెప్పండి. తొందరేం లేదు."

వెండెల్ టై సర్దుకున్నాడు, రెండుసార్లు ఊపిరి కూడదీసుకుని, మొదలుపెట్టాడు.